పిలిస్తే పలికే పిల్ల

ఆ దేశంలో ఇంటికో పులి ఉండేది.

పూర్వం అక్కడంతా అడవి. ఆ రోజుల్లో వాళ్ళ తాతలను పులులే కాపాడాయట. అడవి ఎప్పుడో పోయింది, పులులు మాత్రం వసారాల్లో ఉండిపోయాయి. పక్కింట్లో ఉంది కాబట్టి మనకూ ఉండాలని ఒకరు, ఎదురింట్లో రెండున్నాయి కాబట్టి మనకూ రెండు కావాలని మరొకరు, అలా పెంచుకుంటూ పోయారు. పులి లేని ఇంటిని చూసి జాలిపడేవారు.

మనుషుల మధ్య పెరగడం వల్ల ఆ పులులకు ఒక విద్య అబ్బింది. ఇంట్లో వాళ్ళ గొంతులు వాటికి పట్టుబడ్డాయి. అప్పుడప్పుడు ఏదో ఒక పులి తాడు తెంపుకుని బడికి వెళ్ళేది. తలుపు దగ్గర నిలబడి తల్లి గొంతుతో పిలిచేది. పిల్లలు పలికేవారు.

అలా జరిగిన ప్రతిసారీ ఊరంతా ఏడ్చేది. అది దొంగ ఏడుపు కాదు, నిజంగానే ఏడ్చేది. బడి ముందు పూలు పోసి దీపాలు పెట్టేవారు. దీపాలు కొండెక్కాక ఇళ్ళకు వెళ్ళి పులులకు మాంసం వేసేవారు.

ఆ దేశానికి ఒక పరాయి తల్లి కూతురిని చంకనేసుకుని వచ్చింది. ఆమె పుట్టిన చోట నది ఎండిపోయింది. ఇక్కడ నీళ్ళున్నాయి, పనుంది, పిల్లకు బడి ఉంది. పులుల సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వచ్చేదేమో, ఆకలి అలాంటిది.

పిల్ల బడికి వెళ్ళే ఈడుకొచ్చాక ఒకనాడు తల్లి ఆ బడి ముందు పూలు చూసి, అవెందుకో అడిగి తెలుసుకుంది. తిన్నగా పక్కింటి పెద్దాయన దగ్గరికి వెళ్ళింది. ఆయన మంచివాడు, ఆమె జ్వరపడితే గంజి కాయించి పంపినవాడు. ఆయన కాళ్ళ దగ్గర ఆయన పులి పడుకుని ఉంది.

"బాబాయిగారూ, వీటిని ఊరి బయట కట్టేసుకోకూడదా?" అంది.

"పులి ఏం చేసిందమ్మా? తాడు గట్టిది కాకపోతే పులిదా తప్పు?"

"పిల్లలు పోతున్నారు కదండీ."

"అందుకేగా బడికి కూడా ఒక పులిని ఇద్దామంటున్నాం. ముల్లును ముల్లుతోనే తీయాలి." ఆయన పులి తల నిమిరాడు. "నువ్వు నిన్నగాక మొన్న వచ్చావు. మెల్లగా అలవాటవుతుందిలే."

కంచే చేను మేస్తుంటే ఇంకో కంచె వేద్దామంటున్నాడని ఆమెకు అనిపించింది. పైకి అనలేదు. పరాయిదాని మాటకు అక్కడ విలువెంత? వెనక్కి పోదామంటే అక్కడ నది లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

కొన్నాళ్ళకు పంతులమ్మ ఆమెను బడికి పిలిపించింది.

"మీ అలివేలు బంగారుతల్లి. చదువులో లోటేం లేదు. కానీ పిలిస్తే పలుకుతోందండీ," అంది.

తల్లికి అర్థం కాలేదు. ఆమె దేశంలో పిల్లలకు నడక కన్నా ముందు నేర్పేది అదే. అమ్మ పిలిస్తే ఎక్కడున్నా "ఓయ్" అనాలి. పిల్ల పలక్కపోతే లోకం తల్లి పెంపకాన్నే తప్పుపట్టేది.

"తలుపులు వేసి, పిల్లలను మూల కూర్చోబెట్టి సాధన చేయిస్తాం. నేనే బయట నిలబడి ఒక్కొక్కరినీ పిలుస్తాను. అందరూ నోరు మూసుకుంటారు. మీ పాప ఓయ్ అంటుంది." పంతులమ్మ కళ్ళు తుడుచుకుంది. "పలికిన పిల్ల ఒక్కతే పోదండీ, పక్కన కూర్చున్న వాళ్ళూ పోతారు. మీరే మాన్పించాలి. మీ గొంతుకు పలకకపోతే ఇంకెవరికీ పలకదు."

ఆ సాయంత్రం తల్లి కూతురిని బట్టల పెట్టె వెనక దాచి, వాకిట్లోకి వెళ్ళి పిలిచింది.

"అలివేలూ."

"ఓయ్," అంటూ పిల్ల నవ్వుతూ పరిగెత్తుకొచ్చింది.

తల్లి ఆ పిల్లను కొట్టింది. చిన్నప్పుడు పలకనందుకు తన తల్లి తనను ఎలా కొట్టిందో, పలికినందుకు తన కూతురిని అలాగే కొట్టింది. తరువాత ఇద్దరూ ఏడ్చారు. మళ్ళీ దాచింది, మళ్ళీ పిలిచింది.

ఇక రోజూ అదే పని. అన్నం కలిపానని పిలిచింది. జారిపడ్డాను, లేవలేకపోతున్నాను అని పిలిచింది. కడుపులో ఉన్నప్పటి నుంచి పెట్టుకున్న ముద్దుపేర్లన్నిటితో పిలిచింది. పిల్ల పలకడం తగ్గుతూ వచ్చి, ఒకనాడు ఇంట్లో చడీచప్పుడు లేకుండా పోయింది.

బతుకుతుంది, అనుకుంది తల్లి. గుండె మీద బరువు దిగినట్టయింది. ఆ దిగినచోటే ఇంకా పెద్ద బరువు వచ్చి కూర్చుంది.

"చాలమ్మా, అయిపోయింది. ఇక రా," అంది.

జవాబు లేదు.

"ఇప్పుడు పిలుస్తున్నది నిజంగా అమ్మేనే."

జవాబు లేదు. పులి కూడా ఆ మాటే అంటుంది కదా.

ఆమె లోపలికి వెళ్ళి పెట్టె వెనక మోకాళ్ళ మీద కూర్చుంది. పిల్ల రెండు చేతులతో నోరు మూసుకుని ఉంది. తల్లి చేయి చాపింది. పిల్ల ఆమె ముఖంలోకి చూడలేదు. ఆ చేతిని పట్టుకుని, కిటికీ వెలుతురు వైపు తిప్పి, గోళ్ళు ఒక్కొక్కటే చూడసాగింది.

తల్లి రెండో చేయి కూడా చాపి, పిల్ల చూడటం అయ్యేదాకా కదలకుండా కూర్చుంది.