ఎర్ర జెండా, మూడు పొట్టి తుపాకులు

కొండ కింద ఒక గొర్రెల దొడ్డి. చుట్టూ ముళ్లకంప. ఆ కంపలో ఉత్తరం పక్క ఒక కంత ఉంది. దాని సంగతి దొడ్డిలో అందరికీ తెలుసు. తోడేలుకు ఇంకా బాగా తెలుసు. రెండు వారాల్లో రెండు పిల్లల్ని ఎత్తుకుపోయింది. రెండూ సుంకమ్మ అనే గొర్రె పిల్లలే. దానికిక మిగిలింది ఒక్క కుంటి పిల్ల.

కాపలా కుక్క సింగడు గొంతు పోయేదాకా మొరిగాడు. మొరిగినందుకు తోడేలు వెనక్కి పోలేదు, కాసేపు ఆగి వచ్చింది అంతే.

అప్పుడు దిగాడు జంబన్న అనే నక్క. నెత్తిన టోపీ, మెడలో ఈల, చంకలో మూడు పొట్టి తుపాకులు. ఎక్కడివని ఎవరూ అడగలేదు. ఈల ఉన్నవాణ్ణి మనవాళ్లు ఏదీ అడగరు.

“పది రోజులు తుపాకీ శిక్షణ ఇస్తా. పదకొండో రోజు మీ పేరు చెబితే తోడేలు పారిపోవాల,” అన్నాడు జంబన్న.

“ఊరికేనా సారూ?” అన్నాడు కొమ్మన్న. గడ్డం పెంచి, అన్నీ తెలిసినట్టు మాట్లాడే మేకపోతు వాడు.

“ఊరికేనప్పా! సామాన్లు మోసేదానికి ఒకడుంటే చాలు.”

అందరూ ఒక్కసారే ఓబులు వైపు చూశారు. ఓబులు గాడిద, ముసలివాడు. ఆ చూపులు అతనికి కొత్త కాదు.

శిక్షణ నీళ్లు ఎండిపోయిన వంక ఇసుకలో. మొదటి పాఠం ఎర్ర జెండా. జంబన్న ఇసుకలో గీత గీసి, కర్రకు కట్టిన ఎర్రగుడ్డను దాని పక్కన పాతాడు.

“ఈ జెండా ఎగురుతాంటే లోపల కాల్పులు జరుగుతాండాయని అర్థం. గీత దాటకూడదు. ఎందుకని అడగకూడదు. కన్నతల్లి పిలిచినా సరే. ఏం?”

“సరే సారూ!”

ఈ ఒక్క పాఠం పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అప్పజెప్పించుకునేవాడు. కాల్చడం మాత్రం నేర్పలేదు. తూటాలు ఆఖరి రోజు ఇస్తానన్నాడు. అందాకా ఏ తుపాకీ ఎలాంటిదో పోల్చి చూసుకోమన్నాడు. వాళ్లకు అంతకన్నా ఏం కావాలి!

“వెనక పిడి, ఈ బట్, మడతపడేదే తుపాకీ. మడిస్తే చంకలో పడతాది, కంపకు తగులుకోదు,” అన్నాడు కొమ్మన్న.

“నువ్వు దాని మడత విప్పేలోపు తోడేలు తిని మూతి కడుక్కుంటాది. ఇదిగో, తూటాలుండే మ్యాగజైన్ ట్రిగ్గర్‌కు వెనక ఉండేది చూడు. తుపాకీ పొట్టిగానే ఉంటాది, గొట్టం, అదే బ్యారెల్, మాత్రం పొట్టి కాదు,” అన్నాడు సింగడు.

“చంక కింద మ్యాగజైన్ పెట్టుకుంటే మార్చేదెట్ల? గిలిగింతలు పెట్టుకున్నట్టు తడుముకోవాలా?”

మూడోది మరీ పొట్టిది, చప్పుడెక్కువ, గురి తక్కువ అని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఇద్దరూ ఒప్పుకున్న సంగతి అదొక్కటే. ఇద్దరిలో ఒక్కడూ ఒక్క తూటా పేల్చినవాడు కాదు.

వెనక వరసలో కూర్చున్న సుంకమ్మ ఒకరోజు లేచింది. “సారూ, తోడేలు వస్తే మేమేం చేయాల?”

“అది తర్వాతి పాఠం తల్లీ, కూర్చో.”

సుంకమ్మ కూర్చుంది.

ఓబులుకు పాఠం లేదు, మోతే. తుపాకులు, గురిపెట్టే చెక్కబల్లలు, తాళం వేసిన తూటాల పెట్టె, జంబన్న కుర్చీ, తాగే నీళ్ల కుండ. పొద్దున కొండ మీద నక్క బొరియ నుంచి వంకలోకి, సాయంత్రం వంక నుంచి మళ్లీ కొండ మీదికి. వీపు ఒరుసుకుపోయింది. నిద్రలో కూడా కొండ ఎక్కుతున్నట్టే ఉండేది.

“మామా, మోసేది నువ్వే కదా. మూడింట్లో ఏది తేలిక?” అని ఒకసారి సింగడు అడిగాడు.

“పొద్దున మూడూ తేలికేరా. సాయంత్రం మూడూ బరువే.”

“ఇదేం జవాబు మామా!”

“రెండు మోపుల కంప కొట్టి ఆ కంతలో వేస్తే నాకీ మోత తప్పుతాది. మీకూ ఈ కొట్లాట తప్పుతాది.”

“గాడిదకేం తెలుసు గంధపు వాసన!” అన్నాడు కొమ్మన్న. అందరూ నవ్వారు. సుంకమ్మ నవ్వలేదు. అలాగని కంప కొట్టడానికీ పోలేదు. ఏం పోతుంది, మరుసటి పాఠంలో తన ప్రశ్నకు జవాబు వస్తుందేమోనని చూస్తూ కూర్చుంది పాపం.

పదో రోజు, ఎండ కాస్త తగ్గే వేళకు జంబన్న ఈల ఊదాడు. “ఓబులూ, సామాన్లు కొండకు చేర్చు. జెండా నాకియ్యి, నేను తెస్తా.”

పది రోజుల్లో సారు ఒక వస్తువు మోయడం అదే మొదలు. సంతోషించాల్సిన విషయమే. కానీ ఓబులుకు సంతోషించే ఓపిక కూడా లేదు. బరువంతా వేసుకుని అడుగులో అడుగేసుకుంటూ బయలుదేరాడు.

దొడ్డి దగ్గరికొచ్చేసరికి వాకిలి ముందు ఎర్ర జెండా ఎగురుతోంది. జెండా ముందు గీత. గీతకు ఇవతల దొడ్డి జనమంతా బారుగా నిలబడి ఉన్నారు.

“ఏందిరా ఇది?”

“లోపలికి తోడేలు దూరిందంట మామా. సారు ఒక్కడే పోయినాడు. కాల్పులు జరుగుతాండాయి,” అన్నాడు సింగడు, గర్వంగా.

సుంకమ్మ గీత దాకా ఉరికి ఆగిపోతోంది. “నా బిడ్డ అరుస్తాంది రా సింగా. నన్ను పోనియ్యి.”

“గీత దాటకూడదత్తా. కన్నతల్లి పిలిచినా దాటకూడదన్నాడు కదా.”

“కాల్పులంటాండావు. మరి చప్పుడేది?” అన్నాడు ఓబులు.

“పొట్టి తుపాకుల గొప్పే అది, చప్పుడు చెయ్యవు,” అన్నాడు కొమ్మన్న. చప్పుడెక్కువ అని తనే అన్న సంగతి మరిచిపోయాడు.

“ఏ తుపాకులప్పా? మూడూ నా వీపు మీదే ఉండాయి.”

అందరూ అతని వీపు వైపు చూశారు.

“తూటాలు...” అన్నాడు సింగడు.

“పెట్టె మొదటి రోజు నుంచీ ఖాళీదే.”

“మరి చెప్పలేదేం మామా!”

“మీరు తుపాకుల బరువు అడిగినారు. పెట్టె బరువు ఎవురూ అడగలేదు.”

అంతా విన్నారు. విన్నా ఒక్క కాలూ కదల్లేదు. పది రోజుల పాఠం అది, ఒక్క మాటతో పోతుందా?

“చుట్టూ తిరిగిపోయే ఓపిక నాకు లేదు,” అంటూ ఓబులు గీత దాటాడు. ఏమీ కాలేదు. అది చూసి సుంకమ్మ ఒక్క ఉరుకున వాకిట్లోకి దూకింది. దాని వెనక సింగడు, వాడి వెనక కొమ్మన్న.

ఓబులు మాత్రం కంప పక్కగా, కొండకు పోయే తన దారిన నడిచి కంత దగ్గరికొచ్చాడు. లోపల తోడేలు లేదు. సారు ఉన్నాడు. కుంటి పిల్లను చెవి పట్టుకుని కంత వైపు ఈడుస్తున్నాడు.

ఓబులును చూడగానే పిల్లను వదిలేసి, కంతలోంచి చేతులు చాపి అతని ముందుకాళ్లు పట్టుకున్నాడు. “మామా, నీ కాళ్లు మొక్కుతా, అరవొద్దు! ఇంకెప్పుడూ నీతో మోయించను!”

గాడిద కాళ్లు పట్టుకోవడం వసుదేవుడంతటివాడికే తప్పలేదు, జంబన్న ఎంత!

“అరిచే ఓపిక యాడుందప్పా. ఈ బరువు కాస్త దించనియ్యి,” అన్నాడు ఓబులు. వెనక్కి తిరిగి వీపు వంచాడు. తుపాకులు, చెక్కబల్లలు, ఖాళీ పెట్టె, కుర్చీ అన్నీ కంతలో దడదడా పడి అడ్డం బిగుసుకున్నాయి. పది రోజుల్లో మొదటిసారి వీపు ఖాళీ అయింది. గుండెనిండా గాలి ఆడింది. అప్పుడు అరిచాడు. ఆ అరుపుకు కొండ మారుమోగింది.

ముందు కంత మూసుకుపోయింది. వెనక సుంకమ్మ, సింగడి పళ్లు, కొమ్మన్న కొమ్ములు. జంబన్న టోపీ, ఈల, సగం తోక అక్కడే వదిలేసి, కంప మీదుగా ఒళ్లంతా చీరుకుంటూ బయటపడ్డాడు. మళ్లీ ఆ చుట్టుపక్కల ఎవరికీ కనపడలేదు.

మర్నాడు సింగడు తల వంచుకుని వచ్చాడు. “మామా, ఇప్పుడైనా చెప్పు. మూడింట్లో ఏది మేలు?”

“కంతకు అడ్డం పడిందేరా.”

“మూడూ పడినాయి కదా.”

“అయితే మూడూ మేలే.”

ఆ రోజు అందరూ కలిసి కంప కొట్టారు. మోపులు కట్టాక, అలవాటు ప్రకారం, అందరూ ఒక్కసారే ఓబులు వైపు చూశారు. ఓబులు నిట్టూర్చి వీపు వంచాడు. సుంకమ్మ అడ్డం వచ్చి నిలబడింది.

“సగం నాకు వేయండి,” అంది.

పెద్దలు చెప్పుకునే నీతి ఒక్కటే: ఎర్ర జెండా చూసి ఆగడం మంచిదే, అది పాతినవాడెవడో చూసి ఆగడం ఇంకా మంచిది.