సాలెవీధిలో రాజుగారి గుర్రం

ఒకానొక కోటపట్నాన్ని అనంగభూపతి ఏలేవాడు. ఆయన సాలెవీధి పక్కనే మల్లెతోట వేయించి, చుట్టూ ఎత్తైన గోడ కట్టించాడు. వీధి కాలువకు ఆ గోడ అడ్డం పడింది. మురుగు ఇళ్లలోకి ఊరింది. సాలెవాళ్లు గుంటలో కాళ్లు పెట్టుకుని మగ్గం నేస్తారు. ఆ గుంటల్లో నీళ్లు నిలిచాయి. వానలు ముదిరేసరికి ఇంటింటా జ్వరాలు. రాజుగారి పట్టుబట్టలు ఆగిపోయాయి.

కారణమేమిటని రాజు ఆస్థాన వైద్యుడు నారసింహభట్టును అడిగాడు. భట్టు ఆ వీధి మొహం చూడకుండానే తేల్చేశాడు.

"బద్ధకం ప్రభూ! వాళ్ల ఒంటి తత్వమే అంత."

"అయితే అందరినీ కోట దాటించండి. ఎల్లుండికి వీధి ఖాళీ కావాలి" అన్నాడు రాజు.

సాలెపెద్ద ఏకామ్రయ్య మంత్రి కోనప్ప దగ్గరికి పరుగెత్తాడు. "అయ్యా, పిల్లలు లేవలేకుండా ఉన్నారు. ఈ వానలో ఎక్కడికి పోయేది?"

"మూటలు కట్టకండి" అన్నాడు కోనప్ప.

మర్నాడు నిండు సభలో ఆయన లేచాడు. "భట్టుగారూ, సాలెవీధిలో ఒక రోగి. తిండి ముట్టదు, కాళ్లు నాని పాసిపోయాయి, ఒకటే వణుకు. ఏం చెయ్యమంటారు?"

"చెప్పానుగా, బద్ధకమని! నాలుగు తగిలించి కోట బయటికి గెంటండి."

"చిత్తం. ప్రభూ, తమ పంచకల్యాణికి భట్టుగారి వైద్యం ఇదీ. మొన్న దాన్ని నేనే ఒక మగ్గం గుంటలో కట్టేయించాను."

రాజు సింహాసనం మీంచి లేచాడు. "మతిపోయిందా నీకు? ఆ గోడ పక్కనంతా మురుగు! గాలి ఆడదు! నా గుర్రం గిట్టలు కుళ్లిపోవూ?"

భట్టు గొంతు మారింది. "గుర్రమా! వెంటనే చోటు మార్చాలి ప్రభూ! పొడినేల, మంచి గాలి, శుభ్రమైన నీళ్లు! పాపం, దాని తప్పేముంది?"

"మరి బద్ధకమో?" అన్నాడు కోనప్ప.

ఆ వెంటనే రాజువైపు తిరిగాడు.

"కంగారుపడకండి ప్రభూ. గుర్రం లాయంలో ఉలవలు నములుతోంది. గుంటల్లో వణుకుతున్నది మనుషులే."

రాజు కోనప్పను గుడ్లురిమి చూశాడు. "అంటే జ్వరాలు నా గోడవల్లనంటావు!"

"నేనెక్కడన్నాను ప్రభూ? ఇప్పుడే తమరు సెలవిచ్చారు."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. తన రత్నకంకణం తీసి కోనప్ప చేతికి తొడిగాడు. సాలెవాళ్లను కదిలించవద్దనీ, గోడ పగలగొట్టి కాలువ తెరవమనీ ఆజ్ఞాపించాడు. భట్టును మాత్రం పని పూర్తయ్యేదాకా సాలెవీధిలోనే ఉండి రోగులను చూడమన్నాడు.

ఒక పూటైనా గడవలేదు. భట్టు తుమ్ముకుంటూ వీధిలోకి వచ్చి, "గట్టిగా కొట్టండిరా ఆ గోడను!" అని కూలీల మీద కేకలు వేశాడట.