బురుజు కింది మనిషి

పొరుగు రాజ్యంలో కరువు పడితే, ఓబులేసు పెళ్ళాం తిరుపాలమ్మను వెంటబెట్టుకుని సరిహద్దు దాటొచ్చి కోట పనిలో చేరాడు. ఒకనాడు కడుతున్న గోడ కూలి అతని మీద పడింది. శవాన్నైనా వెలికి తీయకుండా ఆ రాళ్ళ మీదే బురుజు లేపేశారు.

పనిలో చచ్చిపోయినవాడి ఇంటికి పొలం ఇవ్వడం ఆ రాజ్యంలో ఆనవాయితీ. తిరుపాలమ్మ వెళ్ళి అడిగితే దివాను కసురుకున్నాడు.

"అది మా ప్రజలకి. మీరు అనుమతి లేకుండా వచ్చిన పరదేశులు. పరదేశి ఒక్కడు కూడా ఇక్కడ ఉండకూడదు. పొద్దుగూకేలోగా పొలిమేర దాటు."

"అట్లాగే దొరా. మా ఆయన కూడా పరదేశే కదా. ఆయన్ని బయటికి తీయించండి, ఇద్దరం పోతాం."

దివాను బురుజు వైపు చూశాడు. పడగొట్టిస్తే రాజుగారు ఊరుకోరు. వదిలేస్తే తన ఆజ్ఞ తనే తప్పినట్టు. చివరికి ఓబులేసు ఈ రాజ్యం మనిషేనని ఒప్పుకుని పొలం ఇప్పించాడు.

దివాను నోరు భలే మూయించావని కూలీలంతా తిరుపాలమ్మను మెచ్చుకున్నారు. ఆమె బురుజు రాళ్ళకి చెంప ఆనించి కూర్చుంది. ఆ మాట అన్నప్పుడు నిజంగానే తవ్వి ఇస్తారనుకుంది.