ముప్ఫై రెండు అడుగుల వెలుగు

అనగనగా, మరీ అంత అనగనగా కాదు, మొన్నమొన్నటి అనగనగా, కొండవార ఒక ఊళ్ళో గవరమ్మ అని ఒక పెద్దావిడ ఉండేది. ఆవిడ మొగుడి పేరు తవిటయ్య. కొడుకు పొద్దున్నే ఇటుకల బట్టీకి పనికి వెళ్ళిపోయేవాడు. కోడలు నీలవేణి ఇంట్లోనే మిషను కుట్టేది.

తవిటయ్య అంటే ఎవరనుకున్నావు? టపా మోసిన మనిషి! భుజాన సంచీ తగిలించుకుని, మూడు కొండలెక్కి దిగి, పదకొండు ఊళ్ళకి ఉత్తరాలు పంచినవాడు. వానొచ్చినా, వాగు పొంగినా, ఏనాడూ ఒకరి చెయ్యి పట్టుకుని నడవలేదు. ఆ సంగతి చెప్పుకోవడమంటే ఆయనకి గర్వం. గవరమ్మకి ఇంకాస్త ఎక్కువ గర్వం.

అలాంటి మనిషికి పెద్దతనంలో రేచీకటి పట్టుకుంది. పగలంతా చూపు బాగానే ఉండేది. పొద్దు వాలిందా, కళ్ళ ముందు ఎవరో గోనెపట్టా దించేసినట్టుండేది. పెద్దాసుపత్రిలో చూపించారు. "ఇది తగ్గేది కాదమ్మా, కింద పడకుండా చూసుకోండి" అన్నాడు డాక్టరు.

వాళ్ళ పెరడు సన్నగా, పొడుగ్గా ఉండేది. ఈ చివర అరుగు మీద తవిటయ్య మంచం. ఆ చివర మరుగుదొడ్డి. మధ్యలో ఒక రోలు, కోళ్ళ గంప, నీళ్ళు పోయే చిన్న కాలవ, ఓ మునగచెట్టు. మంచం దగ్గర్నుంచి అక్కడికి సరిగ్గా ముప్ఫై రెండు అడుగులు. పగలైతే ఆయన చేతికర్ర ఊపుకుంటూ వెళ్ళొచ్చేవాడు. దీపాలు పెట్టే వేళ దాటితే మాత్రం ఎవరినో ఒకరిని పిలవాలి, వాళ్ళ చెయ్యి పట్టుకోవాలి.

ఆయన ఎవర్నీ పిలవలేదు. మరేం చేశాడు? మధ్యాహ్నం నుంచి గుక్కెడు నీళ్ళు కూడా ముట్టడం మానేశాడు.

ఆ సంగతి గవరమ్మకి ఎవరు చెప్పారో తెలుసా? కరివేపాకు మొక్క చెప్పింది.

తాత మంచం పక్కనే ఉండేది ఆ మొక్క. మండు వేసవి. పెరట్లో వంగమొక్కలు వాడిపోయాయి, బీరపాదు ఎండిపోయింది. కరివేపాకు మాత్రం నిగనిగలాడుతూ అరుగు ఎత్తుకి పెరిగింది. వీధిలో వాళ్ళంతా వచ్చి రెబ్బలు కోసుకెళ్తున్నారు. గవరమ్మకి అనుమానమొచ్చింది. అప్పుడు వంగి, మొదట్లోంచి చిటికెడు మట్టి తీసి వాసన చూసింది. పుల్లమజ్జిగ వాసన! రోజూ మధ్యాహ్నం తను ఇచ్చే గ్లాసు మజ్జిగ మొగుడి కడుపులోకి పోవడం లేదు, మొక్క మొదట్లోకి పోతోందన్నమాట.

గవరమ్మకి ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత ఏడుపొచ్చింది. ఎందుకంటే క్రితం వారమే తవిటయ్య ఒంటికి వెళ్ళినప్పుడల్లా మంట, మంట అని మెలికలు తిరిగిపోతే, సూదులేసే నర్సమ్మ వచ్చి చూసి వెళ్ళింది. "తాతకి ఒంట్లో నీళ్ళు చాలడం లేదు. ఇలాగే ఉంటే ఆసుపత్రిలో సెలైను పెట్టుకుని పడుకోవడమే" అని మరీ మరీ చెప్పింది.

మొహం మీద అడిగితే ఆయన ఒప్పుకోడు. నేను చెయ్యి పట్టుకుంటాను రావయ్యా అంటే చిన్నబుచ్చుకుంటాడు. అందుకని గవరమ్మ ఆ మాటే ఎత్తలేదు. మొగుడికి వినపడేలా కోడలితో గట్టిగా అంది.

"నీలా, కోళ్ళ గంప దగ్గరికి రోజూ పిల్లి వస్తోందే. పెరట్లో దీపాలు పెట్టాలి."

"వైరు లాగిద్దామా అత్తా?"

"వద్దొద్దు. నిరుడు వానల్లో పక్కవీధివాళ్ళ వైరు తగిలి మేక చచ్చిపోలేదూ? పైగా దీపాల వేళకే కదా మనకి కరెంటు పోయేది. ఎండతో వెలిగేవి ఉన్నాయట, సోలారువి. అవి చూద్దాం."

మంచం మీంచి తవిటయ్య ఊరుకున్నాడా? "కోళ్ళకి దీపాలా! రేపు కళ్ళజోళ్ళు కూడా కొంటావా?"

"కావాలంటే కొంటాను. నా కోళ్ళు, నా ఇష్టం!" అంది గవరమ్మ.

అప్పుడు అత్తాకోడళ్ళు పేటకి వెళ్ళారు. దుకాణంవాడు ఉన్నవాటిలోకెల్లా పెద్ద దీపం తీసి ముందు పెట్టాడు. మనిషి కదిలితే దానంతటదే వెలుగుతుందనీ, ఊరంతా పగలైపోతుందనీ చెప్పాడు. పెద్దదే మంచిదేమోననుకుని గవరమ్మ దాన్ని తెచ్చి గోడమీద బిగించింది.

ఆ సాయంత్రం తవిటయ్య అరుగు దిగి ఒక్క అడుగు వేశాడో లేదో, భళ్ళున వెలిగింది. "ఎవడ్రా అది, కళ్ళలో టార్చి కొడుతున్నాడు!" అని ఆయన మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. కాసేపటికి దీపం ఆరిపోయింది. ఆరాక ఆ చీకటి ముందటికన్నా రెండింతలైంది. ఆయన తడుముకుంటూ వెనక్కొచ్చి మంచమ్మీద కూర్చున్నాడు. కోడిపుంజు తెల్లారిందనుకుని గొంతెత్తి కూసింది.

"చూశావా, నీ కోళ్ళకి నిద్ర కూడా లేకుండా చేశావు" అన్నాడు.

ఆ తర్వాత దాన్ని తిరిగిచ్చేసి, నీలవేణి ముచ్చటపడిందని రంగురంగుల దీపాల తోరణం తెచ్చారు. మునగచెట్టుకి చుట్టారు. ఆహా, ఏం అందం! ఎర్రవి, పచ్చవి, నీలివి, మిణుకు మిణుకుమంటూ. వీధిలో పిల్లలంతా గోడెక్కి చూశారు. "గవరమ్మొదినా, పెళ్ళెవరికి? నీకా, అన్నయ్యకా?" అని పక్కింటావిడ వేళాకోళమాడింది.

కానీ ఆ వెలుగంతా కొమ్మల్లోనే ఉండిపోయింది. నేల మీద చీకటి చీకటిగానే ఉంది. తవిటయ్య బొటనవేలు పోయి రోలుకి తగిలింది. గోరు చిట్లి నెత్తురొచ్చింది. ఆయన వెనక్కొచ్చాడు. మంచమ్మీద కూర్చుని, కాలు పంచె కిందకి లాక్కున్నాడు. గవరమ్మ చూసింది. చూడనట్టే ఊరుకుంది. మర్నాడు మధ్యాహ్నం కరివేపాకు మొక్కకి మళ్ళీ మజ్జిగ అందింది.

అప్పుడు గవరమ్మ కూర్చుని ఆలోచించింది. 'రెండుసార్లూ నేను దీపాన్ని చూశాను గానీ, నా పెరడు చూసుకోలేదు, ఆయన కాళ్ళు చూసుకోలేదు' అనుకుంది.

ఆ తర్వాత ఏం చేసిందో తెలుసా? పొద్దున్నే ముగ్గుపిండి గిన్నె పట్టుకుని పెరట్లోకి దిగింది. గోడ నీడ ఎంతవరకు పడిందో అంతవరకు ఒక గీత గీసింది. మధ్యాహ్నం మునగచెట్టు నీడ చుట్టూ ఇంకో గీత గీసింది. ఎండ వాలాక వచ్చి మూడో గీత గీసింది. ఏ గీత లోపలికీ రాని చోటే రోజంతా ఎండ తినే చోటు. ఎండతో బతికే దీపం అక్కడే కదా నిలబడాలి!

పొద్దు గూకాక ఇంకో పని చేసింది. మొగుడు భోంచేస్తుండగా, కళ్ళు సగం మూసుకుని తానే ఆ ముప్ఫై రెండు అడుగులూ నడిచింది. రోలు దగ్గర కాలు జంకింది. కాలవ దగ్గర జంకింది. మునగచెట్టు మలుపులో గుండె ఝల్లుమంది. 'అయ్యో, రోజూ ఇంత భయం ఒక్కడూ దిగమింగుతున్నాడా ఈ మనిషి' అనుకుంది.

మూడోసారి పేటకి వెళ్ళేసరికి దుకాణంవాడు నవ్వాడు. "మళ్ళీ వచ్చావా మామ్మా! ఈసారి ఏం నచ్చలేదు? సూర్యుడా?"

"సూర్యుడికేం, బంగారంలాంటివాడు. నీ దీపాలకే తల పొగరు. కిందకి చూసేవి ఉన్నాయా? వెలుగు నా కళ్ళలో పడకూడదు నాయనా, నా కాళ్ళ ముందు పడాలి."

అతను వెతికి, మోకాలెత్తు కాడ మీద గొడుగులాంటి మూత ఉన్న చిన్న దీపాలు తెచ్చాడు. మూత మీద అరచెయ్యంత నల్లటి అద్దం. గవరమ్మ ఆ అద్దాన్ని చేత్తో మూసింది. దీపం చీకటి పడిందనుకుని వెలిగింది. పసుపుపచ్చటి మెత్తని వెలుగు, నేల మీద చాటంత మేర పడింది.

"ఎంతసేపుంటుంది?"

"ఎండ బాగా తగిలితే తెల్లారేదాకా, మామ్మా."

"లోపలి బేటరీ చచ్చిపోతే?"

"అదొక్కటీ మార్చుకోవచ్చు."

"వానకి తడిస్తే?"

"ఏం కాదు."

"అయితే చెంబుతో నీళ్ళు తే!" అంది గవరమ్మ. దుకాణంవాడు నీళ్ళు నమిలాడు. నీలవేణి మొహం పక్కకి తిప్పుకుని నవ్వింది. గవరమ్మ మాత్రం చెంబెడు నీళ్ళూ దీపం నెత్తిన పోసి, తుడిచి, మళ్ళీ అద్దం మూసి చూసింది. వెలిగింది. "ఎనిమిది కట్టు" అంది.

మర్నాడు శుక్రవారం. పొద్దున్నే ఎనిమిదింటినీ ముగ్గు గీతలు తప్పించి, కాలు జంకే చోటల్లా పాతారు. నీలవేణి కుట్టిన బట్టలు ఇవ్వడానికి పక్కూరు వెళ్ళింది. కొత్త వస్తువు ఇంటికొస్తే మనం ఊరికే వాడేస్తామా? గవరమ్మ తలంటుకుని, పసుపు ముద్ద కలిపింది. నల్లటి అద్దం అచ్చం నుదురులా కనిపించింది. నిండా పసుపు మెత్తింది. పైన కుంకుమబొట్టు పెట్టింది. ఆ పైన ముద్దబంతి పువ్వు పెట్టింది. ఎనిమిదింటికీ కర్పూరం చూపించి దణ్ణం పెట్టుకుంది.

మధ్యాహ్నం వంగి చూసింది కదా, మూతల కింద దీపాలన్నీ వెలుగుతున్నాయి! ఆవిడ మురిసిపోయింది. "పట్టపగలే వెలుగుతున్నాయంటే ఎంత చేవో!" అనుకుంది. ఆ ధీమాతో రెండు గ్లాసుల మజ్జిగ తెచ్చి, తవిటయ్య తాగేదాకా ఎదురుగా నిలబడింది. ఇంక మొక్కకి పొయ్యడానికి ఆయనకి సందు దొరకలేదు.

పొద్దు గూకింది. ఒక్క దీపం వెలగలేదు.

తవిటయ్య లేచాడు, కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. మంచం పట్టె గట్టిగా పట్టుకున్నాడు. ఆఖరికి గవరమ్మే వచ్చి చెయ్యి చాపింది. ఆయన ఆ చెయ్యి పట్టుకున్నాడు. పదకొండు ఊళ్ళు ఒంటరిగా తిరిగిన మనిషి, తలొంచుకుని నడిచాడు.

తెల్లారింది. పగటిపూట ఆయన చూపుకి తిరుగు లేదు కదా. కర్ర పక్కన పెట్టి, ఒక దీపం ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. ఆ తర్వాత కేకేశాడు.

"ఒసే గవరీ! టపా పెట్టె నోటికి పసుపు మెత్తి, పైన పువ్వు పెడితే ఉత్తరం ఎలా పడుతుందే?"

"ఏటయ్యా నువ్వనేది?"

"ఈ అద్దమే దీని నోరు. ఎండ ఇందులోంచే లోపలికెళ్ళాలి. నువ్వు మూసేశావు. అది చీకటి పడిందనుకుని పట్టపగలే వెలిగి, దాచుకున్నదంతా మధ్యాహ్నానికే తగలేసుకుంది."

గవరమ్మ నాలిక కరుచుకుంది. దుకాణంలో తన అరచేత్తోనే మూసి చూసింది కదా, ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. తవిటయ్య తువ్వాలు తడిపి ఎనిమిది అద్దాలూ తనే తుడిచాడు. బొట్టు లేకుండా ఉంచితే ఆవిడ మనసొప్పదని ఆయనకి తెలుసు. అందుకని ప్రతి దీపం కాడకీ తన వేలితోనే బొట్టు పెట్టాడు.

"నుదుటన వద్దు, మెడన పెట్టుకో దీనికి" అన్నాడు. ఆ తర్వాత, ఆవిడ వైపు చూడకుండానే, "పాపం, నీ కోళ్ళకి చూపు ఆనదు కదా" అన్నాడు.

గవరమ్మకి అర్థమైంది. ఆయనకి ముందునుంచీ తెలుసు.

ఆ రోజంతా దీపాలు ఎండ తాగాయి. పొద్దు గూకగానే ఒకదాని తర్వాత ఒకటి వెలిగాయి. నేల మీద ఎనిమిది పసుపుపచ్చటి చాటలు పరిచినట్టు, అరుగు దగ్గర్నుంచి ఆ చివరిదాకా దారి కనిపించింది. గవరమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తలెత్తలేదు. తవిటయ్య కర్ర తీసుకుని లేచాడు.

ఆవిడ లోలోపల లెక్కపెడుతోంది. తొమ్మిది, రోలు దాటాడు. పంతొమ్మిది, కాలవ దాటాడు. ఇరవై ఆరు, మునగచెట్టు మలుపు. ముప్ఫై రెండు. తలుపు చప్పుడైంది. అప్పుడు గాని ఆవిడ ఊపిరి వదల్లేదు.

తిరిగొచ్చేటప్పుడు ఆయన నడక మారింది. కర్ర నేలకి ఆనడం లేదు, గాల్లో ఊగుతోంది. టపా సంచీ భుజాన ఉన్నట్టే ఛాతీ విరుచుకుని వచ్చాడు.

"నీ కోళ్ళు క్షేమంగా ఉన్నాయి. పిల్లి రాలేదు" అన్నాడు.

"దీపాలు ఎంచింది ఎవరనుకున్నావు?" అంది గవరమ్మ.

"మా గవరి" అన్నాడాయన. మంచమ్మీద దర్జాగా కూర్చుని, "మజ్జిగుందా?" అని అడిగాడు. ఒక గ్లాసు తాగాడు. మూతి తుడుచుకుని, "ఇంకో గ్లాసు పొయ్యి" అన్నాడు.

ఆ తర్వాత ఊళ్ళో ఎవరు సోలారు దీపాలు కొనాలన్నా ముందు గవరమ్మని పిలిచేవారు. ఆవిడ ముగ్గుపిండి గిన్నెతో వెళ్ళి, నీడలు గీసి మరీ చెప్పేది. వెనకాలే తవిటయ్య వెళ్ళి, "అద్దానికి పసుపు రాయకండి, అది టపా పెట్టె నోరు" అనేవాడు.

కరివేపాకు మొక్క ఒక్కటే ఆ వేసవిలో కాస్త చిక్కింది. గవరమ్మ దానికి ముంతెడు నీళ్ళు పోసి, "ఇంక నీ వంతు మజ్జిగ నీకు రాదే తల్లీ, ఆయనే తాగేస్తున్నాడు" అని నవ్వుతూ చెప్పిందట.

కథేమో కంచికి,
మజ్జిగేమో తాతకి,
వెలుగేమో దారికి,
మనమేమో నిద్దరకి.