కిరీటం కింద బాబాయి

పొడుగాటి ఇంగ్లీషు మాట కనిపిస్తే బసవయ్యకు ఎక్కడలేని భయం. పగటివేషం కట్టి నడివీధిలో భీముడై గర్జించే మనిషి, అచ్చు కాగితం ముందు పిల్లిలా ముడుచుకుపోతాడు.

పట్నంలో ఒక బడికి నాటకం నేర్పే మాస్టారు కావాలి. ఇంటర్వ్యూలో ఒక ఇంగ్లీషు పేజీ చదివి అర్థం చెప్పాలి. పోయినేడు ‘అన్‌ఫ్రెండ్లీనెస్’ అన్న మాట దగ్గర ఆగిపోయి, చెమటలు తుడుచుకుంటూ బయటికొచ్చేశాడు. ఈసారీ పోతే వయసు దాటిపోతుంది. వేషాలకు పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. ఇంట్లో పిల్లలు ఎదుగుతున్నారు. ఇక ఇటుకలు మోయడమే గతి.

అందుకని ప్రిఫిక్సులూ సఫిక్సులూ కంఠతా పట్టాడు. మాటకు ముందు తగిలించేవి కొన్ని, వెనక తగిలించేవి కొన్ని ఉంటాయని, వాటితో అర్థం మారిపోతుందని తనకు వేషాలు నేర్పిన గురువు సిద్ధలింగానికి చెప్పుకొచ్చాడు. అన్నీ వచ్చుగానీ, తీరా మాట ఎదురుపడితే బుర్ర పనిచెయ్యడం లేదని మొత్తుకున్నాడు.

సిద్ధలింగానికి ఇంగ్లీషు అక్షరం ముక్క రాదు. అంతా విని, లేచి లోపలికి వెళ్ళిపోయాడు. గురువుకీ విసుగొచ్చిందనుకుని బసవయ్య దిగులుగా పుస్తకంలో తల దూర్చాడు.

చాలాసేపటికి గుమ్మంలో ఒక భయంకరాకారం నిలబడింది. నెత్తిన పెద్ద కిరీటం, ముఖాన ఎర్రరంగు. బసవయ్య ఒక్క చూపులోనే మనిషిని పోల్చుకుని, ‘‘కూర్చో సాంబయ్య బాబాయ్, మంచినీళ్ళు తెస్తాను,’’ అన్నాడు.

‘‘ఎవరి వేషంరా అది?’’ అన్నాడు వెనకే వచ్చిన గురువు.

‘‘రావణాసురుడు.’’

గురువు కిరీటం తీసి, సాంబయ్య నడుముకు తోక కట్టాడు. ‘‘ఇప్పుడో?’’

‘‘హనుమంతుడు.’’

‘‘మరి మీ బాబాయి ఏమయ్యాడు?’’

‘‘ఎక్కడికి పోతాడు, లోపలే ఉన్నాడుగా.’’

గురువు తోక విప్పి పెట్టెలో పెట్టి, పుస్తకాన్ని బసవయ్య ముందుకు జరిపాడు.

అందులో అదే మాట, ‘అన్‌ఫ్రెండ్లీనెస్’. బసవయ్య దాని ముందొక వేలు, వెనకొక అరచెయ్యి అడ్డం పెట్టాడు. మధ్యలో ‘ఫ్రెండ్’ మిగిలాడు. చిన్నప్పటినుంచీ ఎరిగినవాడే. అరచెయ్యి కాస్త జరిపితే ఫ్రెండ్లీ, స్నేహంగా ఉండేవాడయ్యాడు. పూర్తిగా తీస్తే ఫ్రెండ్లీనెస్, స్నేహగుణమైంది. ముందున్న వేలు ఎత్తేసరికి ఆ స్నేహమంతా పోయి ముఖం మాడ్చుకుంది. వీడికా నేను ఏడాదిగా వణుకుతున్నది అనుకుని బసవయ్య పకపకా నవ్వాడు. ఎందుకో తెలియకపోయినా సాంబయ్యా నవ్వాడు.

ఇంటర్వ్యూ నాడు పేజీ సాఫీగానే సాగింది. చివరి వాక్యంలో అతనెన్నడూ చూడని మాట ఒకటి అడ్డుతగిలింది: ‘ఇర్రీప్లేసబుల్’. గదిలో ఉన్నవాళ్ళు పోయినేటివాళ్ళే. ఇక లేచి వెళ్ళిపోతాడని వాళ్ళు ఎదురుచూస్తున్నారు.

బసవయ్య తాపీగా వేళ్ళు అడ్డం పెట్టాడు. లోపల ‘ప్లేస్’ కనిపించింది. ఒక్కొక్క వేలే తీస్తూ పోయాడు. చోటు. ఆ చోట మరొకర్ని పెట్టడం. పెట్టగలిగేది. పెట్టలేనిది.

‘‘ఆ మనిషి చోట ఇంకెవర్నీ కూర్చోబెట్టలేం అని అర్థమండీ,’’ అన్నాడు.

‘‘ఈ మాట మీకు ముందే తెలుసా?’’ అని అడిగారు వాళ్ళలో పెద్దాయన.

‘‘దీన్ని ఇవాళే చూశానండీ. లోపలివాణ్ణి మాత్రం ఎరుగుదును.’’

పెద్దాయన కళ్ళజోడు తీసి పక్కనపెట్టి, అతని పేరు పక్కన టిక్కు కొట్టారు. సాయంత్రానికి ఉద్యోగం ఖాయమైంది.

బసవయ్య ఊళ్ళోకి వచ్చేసరికి వార్త అతనికంటే ముందే చేరింది. అంగళ్ళ వీధిలో జనం మూగారు. కొత్త చొక్కాలో, ఛాతీ పొంగించి, ఎన్నడూ లేని ఠీవితో నడిచి వస్తున్నాడతను. గురువు అరుగు దిగి రెండు చేతులూ జోడించాడు.

‘‘రండి, రండి, బసవయ్య మాస్టారూ,’’ అన్నాడు.

వీధి వీధంతా చప్పట్లు కొట్టింది. బసవయ్య కళ్ళనీళ్ళతో గురువు కాళ్ళమీద పడబోయాడు. ఆయన భుజాలు పట్టి ఆపి, చెవి దగ్గరగా వంగాడు.

‘‘వేషం బాగుందిరా. లోపల మా బసవడే కదూ?’’