నేనేమీ మార్చలేదు

"ఇంతమంది చూశారు మాస్టారూ, ఒక్కరూ పలకలేదు. విషయం తెలిసినవాళ్ళకి అంత బెట్టు ఎందుకండీ?" అని అడిగింది హైమ.

మా భానోజీ మాస్టారు విజయనగరంలో ఓ మేడమీది గదిలో కంప్యూటరు పాఠాలు చెబుతారు. ఆయన్ని సూటిగా అడిగి సూటిగా జవాబు రాబట్టుకున్నవాళ్ళు మాలో ఎవరూ లేరు. ఆ సంగతి హైమకీ తెలుసు, అయినా ఉక్రోషం కొద్దీ అడిగేసింది. మా అందరిలోకీ చురుకైన పిల్ల. తనకే దిక్కు లేకపోతే ఇంక మాబోటివాళ్ళ గతేమిటని మేమంతా పని ఆపి అటు తిరిగి కూర్చున్నాం.

సంగతి మాత్రం చిన్నది కాదు. చూపులేని పిల్లల బడిలో తెలుగు పాఠాలు పైకి చదివి వినిపించే కంప్యూటరు ఒకటి హైమే సిద్ధం చేసిపెట్టింది. పిల్లలు దాన్ని 'చదువుల పిన్ని' అంటారు. వారం రోజులుగా పిన్ని నోరు మెదపడం లేదు. పరీక్షలేమో సోమవారం. పిల్లలు రోజూ వచ్చి దాని ముందు కాసేపు చెవులు రిక్కించి కూర్చుని, లేచి వెళ్ళిపోతున్నారట. ఇలాంటి చిక్కులకి నిపుణులు సాయం చేసే ఫోరం ఒకటి ఇంటర్నెట్‌లో ఉంటే అందులో అడిగింది. ఏ కంప్యూటరో, ఏ వెర్షనో, తెర మీద ఏమని వచ్చిందో అన్నీ పొందిగ్గా రాసింది. "మొన్నటిదాకా బాగానే చదివింది. నేనేమీ మార్చలేదు" అని చివర్లో రాసింది. చాలామంది చూశారు. ఒక్కరూ ఒక్క ముక్క రాయలేదు.

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని ఆ ప్రశ్నంతా చదివారు. చివరి వాక్యం దగ్గర కాస్త ఆగి, కుర్చీ వెనక్కి జరుపుకుని, ఫోరం గొడవ వదిలేసి బస్టాండు కథ ఎత్తుకున్నారు. ఆయన ధోరణే అంత.

ఆయన కాలేజీలో చదివే రోజుల్లో, పెళ్ళిళ్ళ సీజను. రాజాం బస్సు కోసం బస్టాండులో నిలబడి ఉన్నారు. గంగునాయుడని ఒకతను గుండెలు బాదుకుంటూ వచ్చాడు. వెనకాలే భార్య, ఏడుపు. వాళ్ళ చిన్నపిల్ల కనబడటం లేదు. "ఈ స్తంభం కాడే నిలబెట్టినానండి. మీ అమ్మని తీసుకొస్తాను, కదలకని చెప్పి ఎల్లినాను. వచ్చీసరికి నేదు" అన్నాడు. ఆకుపచ్చ గౌను, రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు, పిలిస్తే పలికే ముద్దుపేరు, అన్నీ చెప్పాడు. మైకులో చెప్పించారు. జనం వెంటనే కదిలారు. పూలమ్మే ఆవిడ బుట్ట అక్కడే వదిలేసి ఆడవాళ్ళ మరుగుదొడ్లన్నీ చూసొచ్చింది. మాస్టారు క్యాంటీను వెనకా, బెంచీల కిందా, సైకిల్ స్టాండులోనూ వెతికారు. వెళ్ళినవాళ్ళంతా ఉత్తచేతులతో తిరిగొచ్చారు. పిల్ల లేదని ఆ తల్లి మొహం మీద చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. మెల్లిగా ఎవరి బస్సు దగ్గరికి వాళ్ళు వెళ్ళిపోయారు.

మాస్టారు కూడా సంచీ భుజాన వేసుకున్నారు. అప్పుడు కనబడింది ఆయనకి. తల్లి పిచ్చిదానిలా నాలుగు దిక్కులూ చూస్తోంది. తండ్రి మాత్రం స్తంభం ఛాయలకే పోవడం లేదు, బస్సులు బయటికి పోయే గేటు వైపే చూస్తున్నాడు.

"అటేముందండీ?" అని అడిగారు మాస్టారు.

గంగునాయుడు భార్య వైపు ఒకసారి చూసి తల దించేసుకున్నాడు. "సీటు కోసం పిల్లని సాలూరు బస్సు కిటికీలోంచి ఎక్కించీసినాను బాబూ. ఎవులొచ్చినా లెగొద్దన్నాను. దీన్నీ, సామాన్నీ తెద్దామని ఎల్లొచ్చీసరికి బస్సు నేదు."

కిటికీలోంచి కండువా వేసి సీటు ఆపుకోవడం మన దగ్గర ఉన్నదే. భుజాన కండువా లేకపోతే చంకలో పిల్లని వేస్తారు. అలా చెయ్యొద్దని ఆ ఇల్లాలు అంతకుముందు ఎన్నోసార్లు మొత్తుకుందట. అందుకని ఆవిడ అడగ్గానే అసలు మాట నోట రాక, స్తంభం అనేశాడు. ఒకసారి అన్నాక ఇంక అందరికీ అదే చెప్పాడు. బస్సు ఎక్కడికో తిప్పుకోడానికి వెళ్ళి ఉంటుంది, ఇప్పుడే వచ్చేస్తుందని లోపల ఒక ఆశ, పాపం.

ఆ తరువాత ఎంతసేపు? బస్టాండు కంట్రోలరు గజపతినగరానికి ఫోను చేశాడు. బస్సు అక్కడికి చేరగానే కబురొచ్చింది. పిల్ల క్షేమంగా ఉంది. పక్క సీటు మీద రెండు చేతులూ ఆనించి, ఇది మా నాన్నదని కండక్టరుతో దెబ్బలాడుతోందట.

మాస్టారు చెప్పడం ఆపి మంచినీళ్ళు తాగారు. "నీ ఫోరంలోవాళ్ళు వెతకలేదని నీకెవరు చెప్పారమ్మా?" అన్నారు హైమతో. "నువ్వు చూపించిన చోటల్లా వెతికే ఉంటారు."

హైమ చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. ఎప్పుడూ టకటకా మాట్లాడే పిల్ల అలా కూర్చుంటే మాకే జాలేసింది.

"జాగా చాలడం లేదని ఓ ఫోల్డరు చెరిపేశాను మాస్టారూ. పనికిరాదనుకున్నాను" అంది చివరికి. "అక్కడందరూ పెద్దపెద్దవాళ్ళు. ఇలా చేశానని రాస్తే నవ్వరా?"

"నవ్వరని నేనెక్కడన్నాను? ఆ రోజు బస్టాండు బస్టాండంతా నవ్వింది. వాళ్ళావిడ కూడా నవ్వింది" అన్నారు మాస్టారు. "పిల్ల దొరికాక."