కూర్మయ్య తోటలో బొండాల రుచి

దాహం వేస్తే మీరేం చేస్తారర్రా? నీళ్ళు తాగుతారు, అంతే కదా! మరి నీళ్ళు ఎదురుగా ఉన్నా తాగకూడదంటేనో? ఆలోచించండి. తేజా, దుప్పటి కొస నమలకు. వల్లీ, నువ్వు ఇటు జరుగు. చెబుతాను.

అనగనగా సముద్రం హోరు వినపడేంత దగ్గరలో ఒక కొబ్బరితోటల ఊరు. ఆ ఊళ్ళో కూర్మయ్య అని ఒక రైతు. అతని భార్య నర్సమ్మ. కొడుకు అప్పన్న, కోడలు నూకరత్నం.

కూర్మయ్యకి ఒక విద్య ఉండేది. కళ్ళు మూసుకుని బొండం నీళ్ళు ఒక్క గుక్క తాగి, అది తోటలో ఏ చెట్టుదో చెప్పేసేవాడు. అన్ని చెట్ల నీళ్ళూ ఒకటే కాదమ్మా. ఇసకలో పెరిగిన చెట్టుకి ఒక రుచి, ఎర్రమట్టిలో పెరిగిన చెట్టుకి ఒక రుచి. దారిన పోయేవాళ్ళని కేకేసి మరీ బొండం కొట్టి ఇచ్చేవాడు.

అప్పుడు అతనికి జబ్బు చేసింది.

మన నడుం దగ్గర, వెనకవైపు, చిక్కుడు గింజల్లా రెండు మూత్రపిండాలుంటాయి. ఒంట్లో చేరిన నీళ్ళని వడగట్టి, అక్కర్లేనివి బయటికి పంపడం వాటి పని. కూర్మయ్యకి అవి అలిసిపోయాయి. అప్పుడు తాగిన నీళ్ళు ఎటూ పోలేవు. ముందు పాదాల్లో చేరతాయి, ఆ తర్వాత మొహంలో, ఆ తర్వాత ఛాతీలో. ఊపిరాడనివ్వవు. అందుకని అతను రోజు విడిచి రోజు పట్నం ఆసుపత్రికి వెళ్ళేవాడు. అక్కడ ఒక యంత్రం అతని రక్తాన్ని కడిగి పంపేది.

డాక్టరమ్మ ఒక గ్లాసు చూపించి, రోజుకి ఇంతకు మించి తాగొద్దంది. "బొండం నీళ్ళు మాత్రం అసలు ముట్టుకోకు. అందులో ఉండే లవణం నీ ఒంట్లో పేరుకుని గుండెని ఆపేస్తుంది" అని కూడా చెప్పింది.

ఇంట్లోవాళ్ళు హడలిపోయారు. మొదట నర్సమ్మ మంచినీళ్ళ కుండ తీసుకెళ్ళి ధాన్యం బస్తాల వెనక దాచింది. ఆ తర్వాత నూకరత్నం మామగారి ముందు నీళ్ళు తాగడం మానేసింది. తలుపు చాటుకెళ్ళి, గుటక చప్పుడు కాకుండా తాగేది. ఆ తర్వాత అప్పన్న తోట గేటు మూసేశాడు. దారిన పోయేవాళ్ళకి బొండాలు లేవు. ఇంట్లో బొండమన్న మాటే లేదు.

ఎందుకు చేశారు? ప్రేమకొద్దీ చేశారు. కానీ చూడండి, తిన్నాక నీళ్ళు తాగాలి కదా! అందుకని కూర్మయ్య పక్కన కూర్చుని తినడమూ మానేశారు. అతనికి ఉప్పు తగ్గించిన కూరతో ముందే పెట్టేసేవాళ్ళు.

"నానేటి, ఈ ఇంటికి సుట్టంగా వచ్చానా?" అనేవాడు కూర్మయ్య.

డాక్టరమ్మ చెప్పినట్టు, దాహం మరీ ఎక్కువైతే చిన్న ఐసుముక్క బుగ్గన పెట్టుకునేవాడు. నోరు తడిసేది. మనసు తడిసేది కాదు.

ఒక పొద్దున్న అప్పన్న పట్నం వెళ్ళాడు. అప్పుడు కూర్మయ్య కత్తి పట్టుకుని తోటలోకి నడిచాడు. కొడుకు దింపించిన గెలలన్నీ అక్కడ కలిపి పోసి ఉన్నాయి. ఒక బొండం తీసుకున్నాడు. మూతి చెక్కాడు. పైకెత్తాడు.

"మావా!"

నర్సమ్మ పిండి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది. "తాగితే ఏటవుద్దో నీకు తెల్దా?"

"తెలుసు. ఒక్క గుక్కేనే." కూర్మయ్య బొండం దించలేదు. "మరిసిపోతన్నానే నర్సమ్మా. నా సెట్ల రుసి మరిసిపోతన్నాను."

నర్సమ్మ ఆ బొండం అతని చేతుల్లోంచి తీసుకుంది. నేలపాలు చేస్తుందనుకున్నాడు. చెయ్యలేదు. తనే ఎత్తి గటగటా తాగేసింది! పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచీ వచ్చినవాళ్ళందరికీ అందించడమే గానీ, ఒక బొండం తనకోసం కొట్టించుకుని ఎరగదు.

కూర్మయ్య ఆమె మొహంలోకి చూశాడు. "ఎలగుంది?"

"తియ్యగుంది."

"ఏ తీపి? బెల్లం తీపా, సెరుకు తీపా?"

"తీపి తీపే! తీపికి మళ్ళీ ఇంటిపేరుంటదేటి?"

కూర్మయ్య పకపకా నవ్వాడు. ఎన్నాళ్ళకో నవ్వాడు. "ఓసి పిచ్చిదానా, గటగటా తాగితే రుసేటి తెలుస్తాది? నాలిక మీద ఆపు" అని ఇంకొకటి చెక్కి ఇచ్చాడు.

నర్సమ్మ ఆపింది. "ముందు ఏటీ లేదు. మింగినాక కూసింత ఉప్పగుంది" అంది.

"సముద్రం వేపు సెట్టు!" అన్నాడు కూర్మయ్య.

అప్పుడు మూడో బొండం. ఈసారి నర్సమ్మ కళ్ళు మూసుకుంది. ఆ తర్వాత మెల్లిగా చెప్పింది. "వాన ఎలిసిన మర్నాడు నూతి నీళ్ళుంటాయి సూడు, అలగుంది. సివర్న పచ్చి వేరుసెనగ వాసన."

కూర్మయ్య గొంతు, గుటక వేసినట్టు, పైకీ కిందకీ కదిలింది.

"మాయమ్మ నాటిందది" అన్నాడు. "వేరుసెనగ సేను గట్టు మీద."

ఏమిటి వల్లీ? జబ్బు తగ్గిపోయిందా అనా? లేదమ్మా. కొన్ని జబ్బులు పోవు, మనతోనే ఉంటాయి. వాటితో కలిసి బతకడం నేర్చుకోవాలి. దాహమూ పోలేదు. కానీ ఆ రోజు నుంచీ అందరూ కలిసే తిన్నారు. నూకరత్నం మామగారి ఎదురుగానే నీళ్ళు తాగింది. అప్పన్న గేటు తీసేశాడు.

ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్ళే ప్రతి పొద్దునా నర్సమ్మ ఒక బొండం తాగి బయల్దేరేది. అక్కడ యంత్రం గుర్రుమంటుంటే, మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఆ రుచి అతనికి చెప్పేది. ఒక్కోసారి మధ్యలో కూర్మయ్య చెయ్యెత్తి, "ఉండు, అక్కడే ఆగు" అనేవాడు. కిటికీ వైపు తిరిగేవాడు. ఎండిన పెదాలు నాలికతో తడుపుకునేవాడు.

"ఊఁ. ఇప్పుడు సెప్పు" అనేవాడు.

కథేమో కంచికి నడిచింది,
కునుకేమో ఇంటికి వచ్చింది.

ఇక కళ్ళు మూసుకోండి. దండెం మీద బట్టలు సగమే తీశాను, మంచు కురుస్తోంది. మిగతావి కూడా తెచ్చేస్తాను.